చెరువు సూత్రం

ఆ నెలలో పదకొండోసారి తమ్ముడి ఒంట్లోని పెట్టె మూసుకుంది. కంప్యూటర్ తెర మీద ఎర్రచుక్క కనబడగానే హరిప్రియ టీ గ్లాసును బల్ల మీద ఠంగున పెట్టి ఫోను అందుకుంది. పదకొండుసార్లూ ఆమె చేసిన మొదటి పని అదే. అడిగిన మొదటి ప్రశ్నా అదే.

"ఏం తిన్నావురా?"

అవతల నీళ్లను చిలికి గాలి కలిపే ఏరేటర్ల హోరు వినిపిస్తోంది. ఫణీంద్ర రొయ్యల చెరువు గట్టు మీద ఉన్నాడన్నమాట.

"ఇడ్లీ. భవాని ఇంట్లో చేసిందే."

"చట్నీ?"

"వేసుకోలేదు."

"నీళ్లు?"

"కాచి చల్లార్చినవే. సీసా చేతిలోనే ఉంది. కావాలంటే ఫొటో తీసి పంపుతాను."

"వెటకారం వద్దు. చెరువులో చెయ్యి పెట్టావా?"

అవతల నీళ్లలో చెయ్యి కడుక్కున్న చప్పుడైంది.

"రొయ్యల రైతు చెరువులో చెయ్యి పెట్టకుండా ఏం చేస్తాడక్కా? గట్టు మీద నిలబడి దండం పెట్టుకుంటాడా?" అని అతను ఫోను పెట్టేశాడు.

హరిప్రియకు ఒళ్లు మండిపోయింది. తను ఎవరి కోసం ఇంత తిప్పలు పడుతోందో వాడికే పట్టనట్టు మాట్లాడితే ఎవరికి మాత్రం మండదు? ఆ మంటలోనే నోటుపుస్తకం తీసి, 'చెరువు నీరు — అనుమానం' అని పదకొండోసారి రాసుకుంది.

నిజానికి ఆమె మనుషుల జబ్బుల జోలికి రావలసిన మనిషి కాదు. భీమవరం శివార్లలోని పరిశోధనశాలలో ఇరవై ఏళ్లుగా రొయ్యల జబ్బుల మీద పనిచేస్తోంది. క్రిములు దాడికి దిగే ముందు ఒకదానికొకటి రసాయనాలతో కబురు పంపుకుంటాయనీ, చాలినంత గుంపు కూడిందని తేలాకే విరుచుకుపడతాయనీ శాస్త్రజ్ఞులకు ఎప్పటినుంచో తెలుసు. ఆ కబురును మధ్యలోనే పట్టేసే చిన్న బిళ్లను హరిప్రియ తయారుచేసింది. చెరువులో తేలుతూ ఉంటుంది. జబ్బు పడడానికి రెండు రోజుల ముందే ఎర్రబడుతుంది. అది ఎర్రబడితే రైతు చేయవలసిన మొదటి పని మేత ఆపడం. తినకుండా మిగిలిన మేత అడుగున కుళ్లితే క్రిములకు విందు కదా. 'బిళ్ల ఎర్రబడితే మేత బంద్' అని ఆమె ఊరూరా తిరిగి చెప్పింది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల బడిపిల్లలు కూడా ఆ మాట అప్పజెబుతారు.

ఆ బిళ్ల తయారైన రోజుల్లోనే ఫణీంద్ర చావు దాకా వెళ్లి వచ్చాడు.

అతనికి క్రోన్స్ జబ్బు. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక శక్తి దారితప్పి సొంత పేగు మీదే పడి పుండ్లు చేస్తుంది. ఆ శక్తిని అణచడానికి ఇంజెక్షన్ ఇస్తారు. అణచితే పేగు కుదుటపడుతుంది, కానీ బయటి క్రిములను అడ్డుకునే బలం తగ్గుతుంది. ఎప్పుడో చిన్నప్పుడు ఊపిరితిత్తుల్లో చేరి నిద్రపోతున్న క్షయ, ముందు చేసిన పరీక్షలకు దొరక్కుండా తప్పించుకుని, ఇంజెక్షన్ మొదలైన నాలుగో నెలలో లేచి కూర్చుంది. ఐదు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. ముప్పై ఎనిమిది కిలోలకు దిగిపోయిన తమ్ముణ్ణి హరిప్రియ తన చేతులతో మంచం మీంచి లేవదీసి కుర్చీలో కూర్చోబెట్టింది. చెరువులో విన్న కబురును పేగులో ఎందుకు వినలేనని ఆ రోజే అనుకుంది.

ఆరేళ్లకు 'కాపరి' తయారైంది. చింతగింజంత పెట్టె. బొడ్డు పక్కన చర్మం కింద పెడతారు. దాన్నుంచి సన్నటి తీగ వెళ్లి పేగు గోడను తాకుతుంది. పెట్టెకు రెండు అరలు. ఒకదానిలో ఆ ఇంజెక్షన్ మందు, రెండోదానిలో ఆ మందుకు విరుగుడు. రెండింటినీ నెలకోసారి సూదితో నింపుతారు. క్రిముల కబురు వినబడగానే మందు అర మూసుకుంటుంది, విరుగుడు అర తెరుచుకుని రక్తంలో మిగిలిన మందును కూడా తుడిచేస్తుంది. అణిగి ఉన్న శక్తి లేచి క్రిముల పని పడుతుంది. ఓ హైదరాబాదు కంపెనీ ముందుకొచ్చింది. ఇరవైమూడు మంది రోగులకు అమర్చారు. ఏడు నెలలైంది. ఒక్కరికంటే ఒక్కరికి జ్వరం రాలేదు. కంపెనీవాళ్లు మిఠాయిలు పంచుకున్నారు.

ఆమె తెర మీద కనబడేది తమ్ముడి పెట్టె ఒక్కటే, మిగతావి కంపెనీవాళ్లు చూస్తారు. మరి అది ఇన్నిసార్లు ఎందుకు మూసుకుంటోంది? వాడి అజాగ్రత్త వల్లేనని హరిప్రియకు రవ్వంత కూడా సందేహం లేదు.

* * *

ఆదివారం ఆమె సీసాలు, దూదిపుల్లలు సంచిలో వేసుకుని ఉండి ఊళ్లోని తమ్ముడి ఇంటికి వెళ్లింది. వంటింటి కుళాయి, మంచినీళ్ల బిందె, తలుపు గొళ్లెం, ఫ్రిజ్ పిడి, ఒక్కదాన్నీ వదల్లేదు. అన్నింటినీ దూదిపుల్లతో రుద్ది సీసాల్లో పెట్టుకుంటోంది. ఫణీంద్ర భార్య భవాని గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"జాహ్నవి కనబడదేం?" అంది హరిప్రియ, మేనకోడలి కోసం అటూ ఇటూ చూస్తూ.

"పాలకొల్లు పంపించేశాం కదండీ, మా అమ్మ దగ్గరికి. వాళ్ల క్లాసులో ఎవరికో అమ్మవారు పోసిందని చెబితే, పిల్లను ఇంట్లో ఉంచొద్దని మీరే అన్నారు."

"అది ఎప్పటి మాట?"

"పందొమ్మిది రోజులైందండి. ఇంకా రెండు రోజులు ఆగమన్నారు. రోజూ ఫోన్లో ఏడుస్తోంది, నాన్న నన్నెందుకు పంపేశాడని."

హరిప్రియ వేళ్ల మీద లెక్కపెట్టింది. ఆ లెక్క సరైనదే మరి, తప్పు పట్టడానికి లేదు. అమ్మవారు పోసిన పిల్లకు దగ్గరగా మసిలిన వాళ్లను ఇలాంటి మందు వాడేవాళ్లకు మూడు వారాలు దూరంగా ఉంచాల్సిందే. మరో దూదిపుల్ల తీసి స్నానాలగది తలుపు వైపు నడిచింది. లోపల గడియ వేసి ఉంది.

"ఆయనే ఉన్నారండి," అంది భవాని. "పొద్దుటినుంచి తొమ్మిదోసారి."

"తొమ్మిదా? నాతో నాలుగైదు అన్నాడే."

"మీతో అలాగే అంటారు. నిజం చెబితే ఏం తిన్నావ్, ఎక్కడ తాకావ్ అని మొదలెడతారని భయం. వదినగారూ, ఒక్కమాట అంటాను, ఏమీ అనుకోవద్దు. మీ పెట్టె మూసుకున్న ప్రతిసారీ మర్నాటికల్లా ఈయనకి ఎక్కువవుతోంది. నేను క్యాలెండర్ మీద గీతలు పెట్టుకుంటున్నాను. మీరొచ్చి నా వంటింట్లో క్రిములు వెతుకుతున్నారు. నేను గిన్నెలు రెండేసిసార్లు మరగబెడుతున్నాను. చేతులు చూడండి, ఎలా పగిలిపోయాయో."

చేతులు నిజంగానే పగిలి ఉన్నాయి. హరిప్రియ వాటిని చూసింది, చూడనట్టు సంచి సర్దుకుంది. పెట్టె మూసుకోవడం వల్ల ఎక్కువ కావడమేమిటి, ఎక్కువ కాబోతోందనే పెట్టె మూసుకుంటోంది, ఈమెకు ఎలా చెబితే తలకెక్కుతుంది అనుకుంది. ఫణీంద్ర తలుపు తీసుకుని బయటికొచ్చాడు. గోడ పట్టుకుని నడుస్తున్నాడు. అక్కను చూసి నవ్వబోయాడు.

"ఏం దొరికిందక్కా? దొంగ క్రిమి?"

"దొరుకుతుంది. నువ్వు మాత్రం చెరువు వైపు వెళ్లకు."

ఆ మాటకు అతని నవ్వు పోయింది. "అయితే ఈ పంట నువ్వొచ్చి పట్టుకో," అని వెళ్లి పడుకున్నాడు.

* * *

ఇంట్లో తీసిన పదహారు సీసాల్లో ఏమీ దొరకలేదు. ఫణీంద్ర మలపరీక్షలోనూ చెడ్డ క్రిమి ఏదీ లేదు. బుధవారం డాక్టర్ ఖాదర్ ఆ కాగితాలన్నీ బల్ల మీద పరిచాడు. ఫణీంద్రకు మొదటినుంచీ వైద్యం చేస్తున్నది ఆయనే. నెమ్మదస్తుడు. ఆ రోజు మాత్రం గొంతు కాస్త గట్టిగానే ఉంది.

"పేగు వాపును చూపించే సంఖ్య ఇది మేడమ్. యాభై లోపు ఉండాలి. పద్దెనిమిది వందలు ఉంది. ఇది ఇన్‌ఫెక్షన్ కాదు. పాత జబ్బే తిరగబెట్టింది. మందు అందడం లేదు."

"కాపరి ఊరికే మూసుకోదు డాక్టర్‌గారూ. అది కబురు విన్నది."

"ఏ క్రిమి కబురు?"

"అదే ఇంకా తేలలేదు."

"తేలేలోపు మనిషి తేలిపోతాడు. స్టెరాయిడ్ మొదలుపెడతాను."

"వద్దు! స్టెరాయిడ్ ఇస్తే క్రిములకు ఇంటి తలుపులన్నీ బార్లా తీసినట్టు. మీకు తెలియదా? వాణ్ణి మళ్లీ ఆ క్షయ మంచం మీద చూడమంటారా నన్ను?"

"తెలుసు. అందుకే మొదటినుంచీ అడుగుతున్నాను, అసలు మందును సరిగ్గా పడనివ్వండని. అది పడుతుంటే స్టెరాయిడ్ అవసరమే రాదు. మీరు జ్వరం ఒక్కటే చూస్తున్నారు. నేను మనిషిని చూస్తున్నాను."

ఆ మాట ఆమెకు తగలవలసిన చోటే తగిలింది. కానీ తగిలిందని ఒప్పుకోవడం అంత తేలికా? ఇంటి నీళ్లలో దొరకలేదు కాబట్టి చెరువు నీళ్లలో దొరుకుతుందని పట్టుబట్టి, అటునుంచి అటే ఖాళీ సీసాలతో చెరువుకు బయల్దేరింది.

వెళ్లవద్దన్నా ఫణీంద్ర అక్కడే ఉన్నాడు. గట్టు మీద కుర్చీలో కూర్చుని, చెక్ ట్రేని తాడుతో పైకి లాగుతున్నాడు. రొయ్యలు వేసిన మేత తింటున్నాయో లేదో చూసుకోవడానికి నీళ్లలో దించే వల పళ్లెం అది. ఆ కాస్త బరువు లాగడానికే రొప్పుతున్నాడు.

"రావద్దన్నాను," అంది హరిప్రియ.

"నీ బిళ్ల ఎర్రబడి ఐదు రోజులైంది. చూసుకోవద్దా?"

"మేత ఆపేశావు కదా?"

"సగం చేశాను. ఆపలేదు."

"ఆపలేదా? ఊరందరికీ నేను చెప్పేది నా తమ్ముడే వినడన్నమాట!"

ఫణీంద్రకు కోపం రాలేదు. అలిసిపోయిన మనిషికి కోపం కూడా బరువే. తన ట్రేని ఆమె ముందు పెట్టాడు. అందులో రొయ్యలు కొంచెం మందకొడిగా ఉన్నా నిండుగా ఉన్నాయి. తర్వాత గట్టుకు అవతలి వైపు తిరిగి, పక్క రైతు చెరువులోంచి ఇంకో ట్రే లాగాడు.

"ఈయన నీ మాట విన్నాడు. ఐదు రోజులూ మేత పూర్తిగా బంద్. చూడు."

రొయ్యల మీసాలు తెగి ఉన్నాయి. కొన్నింటికి తోకలు లేవు. ఒకదాని నడుము సగం దాకా కొరికేసి ఉంది, ఇంకా కదులుతోంది.

"మేత ఆపితే ఒకదాన్నొకటి తింటాయక్కా. మెత్తబడ్డదాన్ని పక్కది కొరుక్కుతింటుంది, తిన్నదానికీ జబ్బు అంటుకుంటుంది. రెండు రోజులకు పోవాల్సిన జబ్బు చెరువంతా తిరుగుతుంది. అందుకే మేం సగమే చేస్తాం, పూర్తిగా ఆపం. నీకు తెలీదా?"

ఆమెకు తెలియదు. ఇరవై ఏళ్లు రొయ్యలతోనే బతికిన మనిషికి తెలియదు. ప్రయోగశాలలో ఆమె ఒక్కో గాజుతొట్టిలో ఒక్కో రొయ్యను పెంచేది. కొరకడానికి పక్కన ఇంకోటి ఉండేది కాదు. అక్కడ మేత ఆపితే నీళ్లు తేటగా ఉండేవి, రొయ్య బతికేది. ఆ తొట్టి సూత్రాన్నే చెరువులకు చెప్పింది. కాపరి నడిచే ప్రోగ్రాములో మొదటి వాక్యంగానూ అదే రాసింది. కబురు వినబడితే మందు ఆపు, ఉన్నది కూడా తుడిచెయ్యి.

ట్రే వైపు చూస్తూ ఆమె గట్టు మీద చతికిలబడింది. మందు ఆగితే, ఆకలితో లేచిన ఆ రోగనిరోధక శక్తి క్రిముల మీదికి వెళ్లడానికి ముందు అలవాటైన చోటికే, పేగు గోడ మీదికే వెళుతుంది. గోడ చిట్లుతుంది. పేగులో పుట్టినప్పటినుంచీ ఊరికే పడి ఉన్న మామూలు క్రిములు ఆ చిట్లిన చోట గుంపు కడతాయి. కాపరి ఆ కబురు విని మళ్లీ మందు ఆపుతుంది. బయటినుంచి దొంగ ఎవరూ రాలేదు. ఇడ్లీ తప్పు లేదు, కుళాయి తప్పు లేదు, భవాని పగిలిన చేతుల తప్పు అంతకంటే లేదు.

"నేనే చేశాన్రా," అంది. "నీకు జబ్బు తిరగబెట్టింది నా వల్లే."

ఫణీంద్ర ట్రేని మళ్లీ నీళ్లలోకి దించాడు. "మరి తెరిచెయ్యి," అన్నాడు, అదేదో కిటికీ అన్నట్టు.

* * *

తెరవడం ఆమె ఒక్కదాని చేతిలో లేదు. ప్రయోగం నడుస్తుండగా సూత్రం మార్చాలంటే ఆమె వేలిముద్రతో పాటు కంపెనీ అనుమతి కూడా ఉండాలి. ప్రయోగం వ్యవహారాలు చూసే చైతన్యకు ఫోను చేసింది. కుర్రగొంతు, మహా మర్యాద.

"ఇన్‌ఫెక్షన్లు సున్నా మేడమ్. ఇలాంటి ఫలితం ప్రపంచంలో ఎవరికీ రాలేదు. మధ్యలో సూత్రం మారిస్తే ఏడు నెలల పని మొత్తం కొట్టేస్తారు."

"ఆ సున్నా అబద్ధం. మందు ఆపి జబ్బును ముదరబెడుతున్నాం. నా తమ్ముడు కుర్చీలోంచి లేవలేకపోతున్నాడు."

"ఒక్క కేసు మేడమ్. మిగతా ఇరవై రెండు మంది బాగున్నారు కదా."

"బాగున్నారని ఎలా తెలుసు? వాళ్లు రోజుకు ఎన్నిసార్లు దొడ్డికి వెళుతున్నారో మీ ఫారంలో ఎందుకు లేదు?"

చైతన్య చిన్నగా దగ్గాడు. "ఫారం తయారుచేసింది మీరే కదా మేడమ్. జ్వరం, దగ్గు, రక్తంలో క్రిములు, ఈ మూడూ చాలన్నారు. కమిటీ వచ్చే నెల పదిహేనున కూర్చుంటుంది. మెయిల్ పెట్టండి, అజెండాలో చేరుస్తాను."

ఆమె అరిచింది. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. అవతలి మర్యాద చెక్కుచెదరలేదు. మరో రెండు రోజుల్లో ఆమె ఏడు మెయిళ్లు పెట్టింది, ముగ్గురు పెద్దవాళ్లకు ఫోన్లు చేసింది. ఒకాయన సమావేశంలో ఉన్నాడు. ఇంకొకాయన కంగ్రాచులేషన్స్ చెప్పాడు. మూడో ఆయన, సొంత తమ్ముణ్ణి ప్రయోగంలోకి తీసుకోవడమే తప్పు కదా అని అడిగాడు. ఆమె ఫోను పెట్టేసింది.

శుక్రవారం మధ్యాహ్నం ఫణీంద్ర చెరువు గట్టు మీద పడిపోయాడు.

ఆమె ఆసుపత్రికి చేరేసరికి ఖాదర్ సెలైన్ ఎక్కిస్తున్నాడు. కడుపు బిగుసుకుపోయి ఉంది. తెర మీద కాపరి ఎర్రగా వెలుగుతోంది. విరుగుడు అర బార్లా తెరిచి ఉంది. పేగు మందు ఎంత ఇచ్చినా ఒంట్లోకి వెళ్లగానే తుడిచేస్తుంది.

"ఎలాగూ కడుపు కోయాలి," అన్నాడు ఖాదర్. "పేగుకు ఒకచోట చిల్లు పడింది. ఆ పెట్టెను కూడా తీసెయ్యనా, ఉంచనా? అది ఉండగా నేనేం చేసినా వృథా. యాంటీబయాటిక్‌తో ముందు క్రిముల పని చూస్తాను. పుండు మానాక పాత ఇంజెక్షన్ ఇవ్వాలి."

పాత ఇంజెక్షన్ అంటే క్షయను లేపినదే. ఆరేళ్లుగా హరిప్రియ చేసిందంతా ఆ ఒక్క మందుకు తమ్ముణ్ణి కాపలా లేకుండా అప్పగించకూడదనే.

ఫణీంద్ర కళ్లు తెరిచి ఉన్నాడు. అన్నీ విన్నాడు.

"మళ్లీ అదేనా అక్కా?"

"అదే."

"నాకు భయంగా ఉంది."

"నాకూ భయంగానే ఉందిరా. ఈసారి నెలనెలా పరీక్షలు చేయిస్తాను. అయినా ఏదీ రాదని చెప్పలేను. కానీ ఇది ఉంటే మాత్రం నువ్వు దక్కవు."

ఫణీంద్ర భార్య వైపు చూశాడు. భవాని కళ్లు తుడుచుకుంటూ తల ఊపింది.

"తీసెయ్యండి డాక్టర్‌గారూ," అన్నాడతను.

సాయంత్రానికి అడుగున్నర పేగు తీసేశారు. పెట్టెను ఒక గిన్నెలో వేసి ఇచ్చారు. గిన్నెలో పడ్డాక కూడా కాసేపు ఎర్రగానే వెలిగింది. కంపెనీనుంచి మర్నాడు మెయిల్ వచ్చింది. పదిహేడో నంబరు రోగి, అంటే ఫణీంద్ర, స్వచ్ఛందంగా తప్పుకున్నట్టు నమోదు చేశామనీ, ఇన్‌ఫెక్షన్ల సంఖ్య సున్నాగానే ఉందనీ అందులో ఉంది. హరిప్రియ దాన్ని రెండుసార్లు చదివింది. పళ్లు పటపట కొరికింది. తర్వాత ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని, మిగిలిన ఇరవై రెండు మంది ఫోను నంబర్లు ముందు పెట్టుకుంది. అలా నేరుగా ఫోను చేస్తే ఉద్యోగం పోతుందని ఆమెకు తెలుసు.

మొదటి ఐదుగురూ పెట్టె తీయించుకోవడానికి ఒప్పుకున్నారు. ఎవరో ఒకరు అడిగితే చాలన్నట్టు ఎదురుచూస్తున్నారు. ఆరో ఆయన, పెట్టేటప్పుడు దేవుడిచ్చిందన్నారు, ఇప్పుడు తీస్తామంటారు, మేం మనుషులమా రొయ్యలమా అని తిట్టాడు. ఆమె మారు మాట్లాడకుండా ఆ తిట్లన్నీ విని, రేపు రమ్మని చెప్పింది. మధ్యాహ్నం దాటేసరికి పద్దెనిమిదో నంబరుకు వచ్చింది. తణుకులో ఉండే సుభద్రమ్మ, టీచరుగా చేసి రిటైరైన మనిషి.

"మీరా మేడమ్! మీ పేరు చెప్పుకుని బతుకుతున్నానండి," అందామె సంబరంగా. "అంతకుముందు ఏడాదికి రెండుసార్లు నిమోనియా వచ్చేది. ఈ ఏడు నెలల్లో ఒక్కసారి కూడా ఒళ్లు వెచ్చబడలేదు. మా మనవడి అన్నప్రాసనకి కూడా వెళ్లొచ్చాను."

"సుభద్రమ్మగారూ, రోజుకు ఎన్నిసార్లు వెళుతున్నారు?"

"ఎక్కడికండి?"

"దొడ్డికి."

అవతలి గొంతులో సంబరం పోయింది. "అది మీ కాగితంలో లేదు కదండీ," అంది సుభద్రమ్మ.

"లేదు. పెట్టకపోవడం నా తప్పు. ఇప్పుడు అడుగుతున్నాను."

"పదిహేను. నిన్న పద్దెనిమిదండి. రక్తం కూడా పడుతోంది. చెబితే పెట్టె తీసేస్తారేమోనని ఎవరికీ చెప్పలేదు."

"తీసెయ్యాలండి. రేపు పొద్దున్నే భీమవరంలో ఖాదర్‌గారి ఆసుపత్రికి వచ్చెయ్యండి."

"తీసేస్తే మళ్లీ నిమోనియా వస్తుందా?"

రాదని ఒక్క అబద్ధం చెబితే ఆమె తప్పకుండా వస్తుంది. హరిప్రియ నోటిదాకా ఆ అబద్ధం వచ్చింది.

"రావచ్చండి," అంది.

అవతల ఫోను పెట్టేసిన చప్పుడైంది. హరిప్రియ మళ్లీ అదే నంబరు నొక్కింది.